వడగళ్లవాన: పొలాన్ని కదపలేం, మనిషిని పిలవగలం

(రికార్డింగ్ విని టైప్ చేసిన పాఠం ఇది. రాలేకపోయినవాళ్లు చదువుకోవడానికి పెడుతున్నాం. తడబాట్లు మాత్రమే తీసేశాం, మిగతాదంతా ఆయన మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? ఆ పక్క ఫ్యాన్ సౌండు ఎక్కువగా ఉంది, ఒకసారి తగ్గిస్తారా... ఆ, ఇప్పుడు బాగుంది.

నేను వాతావరణం చెప్పే పనిలో ఇరవై రెండేళ్లు ఉన్నానండీ. తుఫాన్లు చెప్పాను, ఎండలు చెప్పాను, మెచ్చుకున్నవాళ్లు ఉన్నారు తిట్టినవాళ్లు ఉన్నారు, చాలావరకు మర్చిపోయాను గానీ ఒక్క ఫోన్ కాల్ మాత్రం మర్చిపోలేదు. ఒక రైతు, సాయంత్రం ఏడింటప్పుడు చేశాడు. అరవలేదు, తిట్టలేదు, నెమ్మదిగా అడిగాడు. "సార్, పొద్దున మీరు ఉరుములతో వాన అన్నారు. రాళ్లు అనలేదు కదా?" అనలేదండీ అన్నాను. "కాలవ అవతల ఒక్క రాయి లేదు సార్, మాకే పడింది" అన్నాడు. కాసేపు ఊరుకున్నాడు. మళ్లీ తనే అన్నాడు, "మీరు చెప్పినా పంటని ఎత్తి ఇంట్లో పెట్టుకోలేను అనుకోండి. కానీ మా వాడు పొలంలో ఉన్నాడు సార్. వాణ్ణి పిలిచేవాణ్ణి."

ఆ అబ్బాయికి తల మీద ఏడు కుట్లు పడ్డాయి.

ఈరోజు నేను చెప్పేదంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది. పొలాన్ని కదపలేం, నిజమే. పొలంలో ఉన్న మనిషిని పిలవగలం. వడగళ్ల గురించి వందల ఏళ్లుగా మనుషులు పెట్టిన బుర్ర, పెట్టిన డబ్బు చాలావరకు ఆ రాళ్లని ఎలా ఆపాలా అన్నదాని మీదే పోయింది. ఆ మనిషిని ఎలా పిలవాలా అన్నదాని మీద చాలా తక్కువ పెట్టారు. నా బాధ అదే. సరే, ముందు అసలు ఆ రాయి ఏంటో చూద్దాం, ఎందుకంటే అది తెలిస్తే ఎందుకు ఆపలేమో కూడా అర్థమవుతుంది.

మీలో వడగళ్లు ఏరుకుని నోట్లో వేసుకోనివాళ్లు ఎవరైనా ఉన్నారా? చెయ్యెత్తండి... చూశారా, ఒక్క చెయ్యి లేదు. అందరం ఏరుకున్నాం. సరే, ఎప్పుడైనా దాన్ని మధ్యకి కోసి చూశారా? పెద్ద రాయి దొరికితే, నిమ్మకాయంత అనుకోండి, కత్తిని వేణ్ణీళ్లలో ముంచి నెమ్మదిగా కొయ్యండి. లోపల ఉల్లిపాయ పొరల్లా ఉంటుంది. మధ్యలో చిన్న తెల్లటి బొట్టు, దాని చుట్టూ అద్దంలాంటి పొర, దాని మీద పాలలాంటి తెల్ల పొర, మళ్లీ అద్దం, మళ్లీ పాలు. నేను మొదటిసారి కోసినప్పుడు అది చేతిలో కరిగిపోతుంటే గబగబా లైటుకి అడ్డం పెట్టి చూశాను, తెల్ల పొరలో ఇంతింత గాలి బుడగలు, సూదిమొనంత బుడగలు, వరసలు వరసలుగా. ఆ రాయి మేఘంలో ఎక్కడెక్కడ తిరిగిందో అంతా అందులో రాసుంటుంది.

ఎలాగంటే, ఉరుముల మేఘం ఉంటుంది కదా, క్యుములోనింబస్ అంటారు, అది పన్నెండు పదిహేను కిలోమీటర్ల ఎత్తు దాకా పెరుగుతుంది. కింద నేల కాలి ఉంటుంది, గాలిలో తేమ ఉంటుంది, పైన చల్లటి గాలి ఉంటుంది. ఆ వేడి తేమ గాలి బెండు నీళ్లలోంచి పైకి తన్నుకొచ్చినట్టు పైకి పోతుంది. పైన టెంపరేచర్ సున్నా కన్నా తక్కువ. ఇప్పుడొక ప్రశ్న. సున్నా డిగ్రీలకి నీళ్లు గడ్డకడతాయి కదా? స్కూల్లో అదే చదివాం కదా? మేఘంలో అలా జరగదు. నీటి బిందువు చాలా చిన్నగా, శుభ్రంగా ఉంటే మైనస్ 10 అయినా మైనస్ 20 అయినా నీళ్లలాగే ఉంటుంది. పట్టుకోవడానికి ఒక దుమ్ము రేణువో, ఇంకో మంచు ముక్కో దొరకాలి, అప్పుడు టక్కున గడ్డకడుతుంది. ఏదీ దొరక్కపోతే మైనస్ 40 దగ్గరికి వెళ్లాక తనంతట తనే గడ్డకట్టేస్తుంది. ఈ మధ్యలో ఉన్న నీళ్లని అతిశీతల నీరు అంటాం. అది తాకితే చాలు గడ్డకట్టడానికి సిద్ధంగా కూర్చుని ఉంటుంది.

ఇప్పుడు ఒక చిన్న మంచు గుండు ఆ నీళ్లలోంచి పోతోందనుకోండి. తగిలిన ప్రతి చుక్కా దానికి అతుక్కుంటుంది. బాగా చల్లటి చోట అయితే తగలగానే గడ్డకడుతుంది, గాలి లోపలే ఇరుక్కుపోతుంది, అదే ఆ తెల్ల పొర. నీళ్లు ఎక్కువున్న చోట అయితే వెంటనే గడ్డకట్టలేదు, తడిగా రాయంతా పాకి, నెమ్మదిగా గడ్డకడుతుంది, గాలి బయటికి పోతుంది, అదే అద్దంలాంటి పొర. మనం చిన్నప్పుడు పుస్తకాల్లో ఏం చదువుకున్నామంటే రాయి కిందకి పడి పైకి లేచి, మళ్లీ పడి మళ్లీ లేచి, ఎన్నిసార్లు లేస్తే అన్ని పొరలు అని. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. చాలా రాళ్లు పైకి తోసే గాలిలో ఒక్కసారి అడ్డంగా ప్రయాణం చేస్తూనే పెరిగిపోతాయి, గాలి పైకి తోసే బలం రాయి కిందకి పడే బలం ఇంచుమించు సమానంగా ఉన్నంతసేపు అది అక్కడక్కడే తేలుతూ నీళ్లు తాగుతుంటుంది. మైనస్ 10 నుంచి మైనస్ 30 మధ్య ఉండే చోటు దానికి బాగా తిండి దొరికే చోటు. చివరికి బరువెక్కి, గాలి మొయ్యలేక వదిలేస్తుంది. గోల్ఫ్ బంతి సైజు రాయిని మోయాలంటే పైకి పోయే గాలి గంటకి 90 కిలోమీటర్లు ఉండాలి. కిందనుంచి పైకి! అంత గాలి ఆ మేఘం లోపల ఉంది కాబట్టే పైలట్లు దాని చుట్టూ తిరిగి వెళ్తారు, దాని గురించి తర్వాత చెప్తాను.

ఇక్కడ ఒక చిన్న మాట చెప్పి ముందుకి పోతాను. వడగళ్లు అనగానే చలికాలం, మంచు అనుకుంటారు కొందరు. చలికాలంలో పడే మంచు వేరు, ఇది వేరు. వడగళ్లకి వేడి కావాలి, కాలిన నేల కావాలి. అందుకే ఎక్కువగా ఎండాకాలం మొదట్లో, వసంతంలో, మధ్యాహ్నం దాటాక పడతాయి. చలిదేశాల్లో గడ్డకట్టే వాన అని ఇంకోటి ఉంది, అది వానలాగే పడి కరెంటు తీగ మీదో చెట్టుకొమ్మ మీదో పడ్డాక గడ్డకడుతుంది, తీగ లావెక్కి లావెక్కి తెగుతుంది. 1998 జనవరిలో కెనడాలో ఐదు రోజులు అలా పడి వెయ్యికి పైగా పెద్ద కరెంటు టవర్లు కూలిపోయాయి, లక్షల మంది గడ్డకట్టే చలిలో వారాల పాటు చీకట్లో ఉన్నారు. అది మెల్లగా చంపే వాతావరణం. అలాంటప్పుడు చలికి తాళలేక జనరేటర్లు, బొగ్గు కుంపట్లు ఇంట్లో పెట్టుకుని ఆ పొగకి చనిపోయేవాళ్లు కూడా ఉంటారు, దయచేసి ఎవరూ ఆ పని చెయ్యకండి. మన సంగతి వడగళ్లు, అవి పది నిమిషాల్లో అయిపోతాయి.

పది నిమిషాలు! అసలు సమస్య అక్కడే ఉంది. తుఫాను నాలుగు రోజుల ముందు కనపడుతుంది, వందల కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది, పేరు పెడతారు, టీవీలో తిప్పుతారు. వడగళ్లవాన ఒక పట్టీలాగా పడుతుంది. ఒక కిలోమీటరో రెండు కిలోమీటర్లో వెడల్పు, కొన్ని కిలోమీటర్ల పొడుగు, ఎవరో బ్రష్‌తో గీత గీసినట్టు. గీతలో ఉన్నవాడు మునిగాడు, పక్కనున్నవాడు చొక్కా కూడా తడుపుకోలేదు. కాలవ అవతల ఒక్క రాయి లేదు అన్నాడు చూడండి ఆ రైతు, అది అబద్ధం కాదు, అతిశయోక్తీ కాదు. 1788 జులై 13న ఫ్రాన్స్‌లో పెద్ద వడగళ్లవాన పడింది, అది అయితే చాలా పెద్దది, దేశం మీద రెండు పొడుగాటి పట్టీల్లా పోయింది, ఆ రెండు పట్టీల మధ్యలో మాత్రం ఉత్త వాన. ఆ పట్టీల్లో పంట నేలపాలైంది, ఆ తర్వాత కరువు, రొట్టె ధర పెరగడం, ఆ పై ఏడాది జులై 14న ఏం జరిగిందో మీకు తెలుసు. ఆ రోజు మొదలైన ఫ్రెంచి విప్లవానికి వడగళ్లే కారణం అని నేను అనను, అలా అనడం తప్పు. కానీ ఆకలితో ఉన్న దేశానికి ఆ వాన ఇంకో దెబ్బ.

మరి ముందే చెప్పలేరా అంటారు. చెప్పగలం, కొంతవరకు. రేపు మధ్యాహ్నం ఈ ప్రాంతంలో వడగళ్లు పడే పరిస్థితి ఉంది అని ముందురోజు చెప్పగలం. ఏ ఊరికి, ఏ పొలానికి అన్నది మాత్రం మేఘం పుట్టాకే తెలుస్తుంది. అప్పుడు రాడార్ చూస్తాం. ఇప్పటి రాడార్లు అడ్డంగా ఒక తరంగం నిలువుగా ఒక తరంగం పంపుతాయి. వాన చుక్క పడేటప్పుడు చపాతీలాగా కొంచెం అడ్డంగా సాగుతుంది కాబట్టి రెండు తరంగాలకీ తేడా వస్తుంది, వడగళ్లు దొర్లుకుంటూ పడతాయి కాబట్టి తేడా దాదాపు సున్నా ఉంటుంది. బలంగా కనపడుతోంది కానీ తేడా లేదు అంటే, అక్కడ రాళ్లున్నాయి. అప్పటికి మన చేతిలో ఉండే టైమ్ ఎంత? పావుగంట, అరగంట. అంతే. ఒక్కోసారి అది కూడా ఉండదు. 1999 ఏప్రిల్ 14న సిడ్నీలో ఏమైందో చూడండి. సాయంత్రం ఒక ఉరుముల మేఘం తీరం వెంట వస్తోంది, సముద్రం మీదికి పోతుందిలే అనుకున్నారు, అది దిశ మార్చుకుని నగరం మీదికి వచ్చింది. ముందు హెచ్చరిక లేదు. తొమ్మిది సెంటీమీటర్ల రాళ్లు, మొత్తం ఐదు లక్షల టన్నుల మంచు పడిందని లెక్క. ఇన్సూరెన్స్ కంపెనీలు కట్టిందే 170 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు. అన్ని పరికరాలున్న దేశం అది. అంచనా వేసేవాళ్లని తప్పుపట్టడానికి చెప్పడం లేదు, నేనూ అదే కుర్చీలో కూర్చున్నవాణ్ణి, ఆ కుర్చీలో కూర్చుని మేఘం మలుపు తిరుగుతుంటే చూడటం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఇక రాయి దెబ్బ. సైజు రెండింతలైతే దెబ్బ రెండింతలు అనుకుంటాం. కాదండీ. అడ్డం రెండింతలైతే బరువు ఎనిమిదింతలు. బరువు పెరిగితే పడే వేగం కూడా పెరుగుతుంది. రెండూ కలిపితే దెబ్బ పదహారింతలు. రేగుపండంత రాయి తగిలితే అబ్బా అంటాం, దానికి నాలుగింతల అడ్డం ఉన్న రాయి తగిలితే రెండొందల యాభై రెట్లు. ఐదు నుంచి పది సెంటీమీటర్ల రాళ్లు గంటకి 70 నుంచి 115 కిలోమీటర్ల వేగంతో పడతాయి, పది దాటితే 160 కూడా దాటొచ్చు. హైవే మీద కారు స్పీడుతో పైనుంచి ఒక రాయి. తల మీదకి.

మనుషులు చచ్చిపోయారా అంటే, చచ్చిపోయారు. 1888 ఏప్రిల్ 30న ఉత్తరప్రదేశ్‌లో మొరాదాబాద్ దగ్గర 246 మంది. ప్రపంచ వాతావరణ సంస్థ రికార్డుల్లో వడగళ్లకి ఎక్కువమంది చనిపోయింది ఇప్పటికీ అదే. బాతుగుడ్లంత, నారింజలంత, క్రికెట్ బంతులంత రాళ్లని రాశారు. బహిరంగంగా ఉన్నవాళ్లు, తలదాచుకునే చోటు లేనివాళ్లే పోయారు ఎక్కువగా. 1986 ఏప్రిల్ 14న బంగ్లాదేశ్‌లో గోపాల్‌గంజ్‌లో 92 మంది, అక్కడ ఒక రాయి 1.02 కిలోలు తూగింది. తూకం వేసిన రాళ్లలో అంతకన్నా బరువైనది లేదు. కిలో చిల్లర! ఇంకా వెనక్కి పోతే 1360లో ఇంగ్లండ్ రాజు మూడో ఎడ్వర్డ్ సైన్యం ఫ్రాన్స్‌లో షార్త్ర్ ఊరి బయట మైదానంలో గుడారాలు వేసుకుని ఉంటే వడగళ్లు పడి వెయ్యి మంది దాకా చనిపోయారని అప్పటి చరిత్రల్లో ఉంది, ఆ తర్వాత నెల తిరక్కుండా రాజు సంధికి ఒప్పుకున్నాడు.

రూప్‌కుండ్ గురించి అడుగుతారని తెలుసు, ఎప్పుడు ఎక్కడ మాట్లాడినా అడుగుతారు. హిమాలయాల్లో ఐదు వేల మీటర్ల ఎత్తున ఒక చిన్న సరస్సు, చుట్టూ వందల మనుషుల ఎముకలు. కొన్ని పుర్రెల మీద పైనుంచి గుండ్రటి వస్తువు తగిలిన దెబ్బలున్నాయి, అందుకని అందరూ వడగళ్లకే ఒకేసారి చనిపోయారని చాలాకాలం అనుకున్నారు. 2019లో డీఎన్‌ఏ పరీక్షల్లో ఏం తేలిందంటే వాళ్లంతా ఒక్క గుంపు కాదు, ఒక్క కాలం వాళ్లు కూడా కాదు, మధ్యలో దాదాపు వెయ్యేళ్ల తేడా ఉంది. కాబట్టి కొందరు వడగళ్లకి పోయి ఉండొచ్చు, అందరూ అని మాత్రం అనకండి. ఫోన్లలో తిరిగే వీడియోల్లో ఇంకా పాత కథే చెప్తున్నారు.

ఇవన్నీ పాత సంగతులు అనుకోకండి. 2022 ఆగస్టు 30న స్పెయిన్‌లో, కాటలోనియాలో ఒక ఊళ్లో పది సెంటీమీటర్లు దాటిన రాళ్లు పడ్డాయి. పది నిమిషాలు పడింది, అంతే. ఇరవై నెలల పసిపాప తలకి తగిలి మర్నాడు చనిపోయింది. నేను ఆ వార్త చదివి చాలాసేపు ఏం చెయ్యలేకపోయాను. ఆ వయసు బిడ్డని మనం ఎత్తుకునే ఉంటాం కదా. ఎత్తుకున్నా తల పైకే ఉంటుంది కదా.

విమానాల గురించి చెప్తానన్నాను. 1977 ఏప్రిల్ 4న అమెరికాలో జార్జియా రాష్ట్రంలో ఒక డీసీ-9 విమానం ఉరుముల మేఘంలోకి పోయింది. పైలట్ల చేతిలో ఉన్న సమాచారం పాతది, విమానంలోని రాడార్‌లో ముందున్న భారీ వాన వెనకాల ఏముందో సరిగ్గా కనపడలేదు, వాళ్లు దారి అనుకున్నదే అన్నిటికన్నా గట్టి చోటు. నీళ్లు, వడగళ్లు ఇంజన్లలోకి పోయి రెండు ఇంజన్లూ ఆగిపోయాయి, ముందద్దం పగిలింది, చివరికి రోడ్డు మీద దించబోయారు. కింద ఉన్నవాళ్లతో కలిపి 72 మంది పోయారు. దాని తర్వాత పైలట్లకి వాతావరణం ఎప్పటికప్పుడు ఎలా చెప్పాలి అన్నదాని మీద చాలా మార్పులొచ్చాయి. మీ ఫ్లైట్ గంట లేటైంది, ఎక్కడో మేఘం ఉందంట అని చెప్తే విసుక్కోకండి, ఆ గంట మన ప్రాణాల కోసమే.

ఇప్పుడు ఆపడం సంగతి. ఈ కథ కొంచెం పెద్దది, ఓపికగా వినండి, ఎందుకంటే ఇందులో రైతుల డబ్బు పోయింది.

పూర్వం యూరప్‌లో వడగళ్ల మేఘం వస్తే చర్చి గంటలు కొట్టేవాళ్లు, శబ్దానికి మేఘం చెదిరిపోతుందని. గంట కొట్టేవాళ్ల మీద పిడుగులు పడేవి, ఎత్తు గోపురంలో తడి తాడు పట్టుకుని నిలబడితే ఇంకేం అవుతుంది. తర్వాత 1896లో ఆస్ట్రియాలో అల్బర్ట్ స్టీగర్ అని ద్రాక్షతోటలున్న ఆయన, ఆ ఊరి మేయర్ కూడా, ఆయన వడగళ్ల ఫిరంగి తయారుచేశాడు. పైకి తిప్పిపెట్టిన పెద్ద గరాటా అనుకోండి. కింద మందు పేలిస్తే గాలి చక్రంలాగా ఈలవేసుకుంటూ పైకి పోతుంది. ఆ ఏడాది, ఆ పై ఏడాది ఆయన ఊళ్లో వడగళ్లు పడలేదు. ఇంకేముంది! మూడు నాలుగేళ్లలో ఇటలీ అంతా వేల ఫిరంగులు, వాటి మీద అంతర్జాతీయ సమావేశాలు కూడా జరిగాయి. పేలి కొంతమంది చనిపోయారు కూడా. తర్వాత 1903, 1904లో ప్రభుత్వాలే దగ్గరుండి పరీక్ష పెట్టాయి, ఫిరంగులు పేలుతూనే ఉన్నాయి వడగళ్లు పడుతూనే ఉన్నాయి. అంతటితో ఆగిపోయింది.

మరి ముందు రెండేళ్లు ఎందుకు పడలేదు? పట్టీ గుర్తుందా? వడగళ్లు ఒకే చోట ఏటా పడవు. ఏ ఊళ్లో ఏం పెట్టినా, ఏమీ పెట్టకపోయినా, చాలా ఏళ్లు పడవు. ఫిరంగి పెట్టిన ఏడు పడకపోతే ఫిరంగి వల్లే అంటాం. పడితే ఇంకా ఎక్కువ పడేది, ఫిరంగి తగ్గించింది అంటాం. ఇలా అనుకుంటే ఇక ఏ మందుకైనా ఓటమి ఉంటుందా చెప్పండి? ఆ ఫిరంగి 1970ల్లో మళ్లీ వచ్చింది, ఈసారి గ్యాస్‌తో, ఇప్పటికీ అమ్ముతున్నారు. పని చేస్తుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదని ప్రపంచ వాతావరణ సంస్థ చెప్పింది. ఉరుము శబ్దమే ఆ మేఘాన్ని ఏమీ చెయ్యలేదు, మన ఫిరంగి ఏం చేస్తుంది?

మేఘాల్లో చల్లే సిల్వర్ అయోడైడ్ అనే రసాయనం సంగతి అంత తేలిగ్గా తీసెయ్యలేం, అందులో ఆలోచన ఉంది. దాని స్ఫటికం మంచు స్ఫటికంలాగే ఉంటుంది, 1946లో కనిపెట్టారు. దాన్ని మేఘంలో చల్లితే అతిశీతల నీళ్లకి పట్టుకోవడానికి లక్షల రేణువులు దొరుకుతాయి, ఉన్న నీళ్లు అందరూ పంచుకుంటారు, ఒక్కొక్క రాయి పెద్దగా పెరగదు, కింద పడేలోపు కరిగిపోతుంది అని. వినడానికి బాగుంది కదా? సోవియట్ వాళ్లు రాకెట్లతో, ఫిరంగి గుళ్లతో కొట్టి చాలావరకు తగ్గించామన్నారు. సరే చూద్దామని అమెరికావాళ్లు 1972 నుంచి కొలరాడోలో మూడేళ్లు పరీక్ష చేశారు, తగ్గినట్టు తేలలేదు. స్విట్జర్లాండ్‌లో ఫ్రాన్స్, ఇటలీ వాళ్లు కూడా కలిసి 1977 నుంచి 1981 దాకా ఐదు ఎండాకాలాలు ఆ సోవియట్ రాకెట్లతోనే చేశారు, చీటీ వేసి కొన్ని రోజులు కొట్టడం కొన్ని రోజులు కొట్టకపోవడం. అప్పుడూ తేడా కనపడలేదు. ఇప్పటికీ కొన్ని దేశాల్లో చల్లుతున్నారు, పరిశోధన నడుస్తోంది, నడవనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఒక ఊరు చందాలేసుకుని ఫిరంగి కొంటాం అని నా దగ్గరికి వస్తే నేను వద్దనే చెప్తాను. ఆ డబ్బుతో తోటకి వల కట్టుకోండి. వడగళ్ల వల కట్టిన పండ్లతోట కింద నిలబడి చూశాను నేను, పైన వల కిందికి బరువుగా వేలాడుతోంది, రాళ్లన్నీ వల మడతల్లో పడి ఉన్నాయి, కింద పిందె ఒక్కటి రాలలేదు. ఖర్చు ఎక్కువే, మెట్ట పైర్లకి కట్టలేం, అది నిజం. పండ్లతోటలకి మాత్రం పని చేస్తుందని కళ్లతో చూడొచ్చు.

పైరు సంగతి కూడా ఒక్క మాట. వడగళ్లు పడ్డ మర్నాడు పొలం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఆకులు చీలికలు పీలికలు, కాండం మీద ఒక వైపంతా గాట్లు, గాలి ఏ వైపునుంచి కొట్టిందో ఆ వైపే. వెంటనే దున్నేద్దాం అనిపిస్తుంది. ఆగండి. వారం పది రోజులు ఆగండి. మొక్క పెరిగే మొవ్వు బతికుందా చూడండి, చీల్చి చూస్తే తెల్లగా గట్టిగా ఉంటే చాలా పైర్లు తేరుకుంటాయి, మెత్తబడి గోధుమరంగు వస్తే అప్పుడు ఆలోచించండి. నిలిచిన నీళ్లు మాత్రం ఆ రోజే తీసెయ్యండి. ఆ గాయాల్లోంచి తెగుళ్లు లోపలికి పోతాయి, వ్యవసాయాధికారిని అడిగి మందు కొట్టండి. పంట కోతకొచ్చి గింజ రాలిపోతే ఏం చేయలేం, అక్కడ ఇన్సూరెన్స్ ఒక్కటే దారి, దానికి ఫొటోలు ఆ రోజే తీసి ఉంచుకోండి, రాళ్లు కరగకముందే, పక్కన స్కేలో నాణెమో పెట్టి. నష్టం లెక్కపెట్టేవాళ్లు ఊరు మొత్తానికి సగటు తీస్తే ఈ పట్టీలో ఉన్నవాడు మునిగిపోతాడు, అందుకే ఏ పొలానికి ఆ పొలం చూడాలని నేను పోయిన ప్రతి చోటా అడుగుతూనే ఉన్నాను.

సోలార్ ప్యానెళ్లు పెట్టుకున్నవాళ్లు ఎవరో అడిగారు ఇందాక. మామూలుగా వాటికి రెండున్నర సెంటీమీటర్ల మంచు గుండుని గంటకి 80 కిలోమీటర్ల పైన వేగంతో కొట్టి టెస్ట్ చేస్తారు. అంతకన్నా పెద్ద రాయి పడితే? అద్దం పగలొచ్చు. టెక్సాస్‌లో 2024 మార్చిలో ఒక పెద్ద సోలార్ ప్లాంట్‌లో అలాగే పగిలాయి. తిరిగే స్టాండ్లు ఉంటే వడగళ్లొస్తున్నాయని తెలియగానే ప్యానెల్‌ని నిటారుగా తిప్పెయ్యాలి, రాయి జారిపోతుంది. చూడండి, అక్కడ కూడా అదే. ముందు తెలియాలి.

వేడి పెరుగుతోంది కదా, మరి వడగళ్లు తగ్గుతాయా అని చాలామంది అడుగుతారు. గాలిలో తేమ పెరుగుతోంది, మేఘానికి బలం పెరుగుతుంది. ఇంకోపక్క మంచు కరిగే ఎత్తు కూడా పైకి పోతోంది, కాబట్టి చిన్న రాళ్లు దారిలోనే కరిగి వానైపోతాయి, పెద్దవి వేగంగా పడతాయి కాబట్టి కరిగే టైమ్ ఉండదు. అంటే పడే రోజులు కొన్నిచోట్ల తగ్గొచ్చు, పడినప్పుడు మాత్రం రాయి పెద్దది కావచ్చు. చాలా పరిశోధనలు ఇటువైపే చూపిస్తున్నాయి. 2023 జులైలో ఇటలీలో 19 సెంటీమీటర్ల రాయి దొరికింది, యూరప్‌లో అదే రికార్డు.

ఇప్పుడు అసలు మాట, ఆ పది నిమిషాలు. మేఘం అడుగు నల్లగా, ఒక్కోసారి ఆకుపచ్చ చాయతో ఉంటుంది. ఉక్క ఒక్కసారిగా పోయి చల్లటి గాలి విసురుతుంది. పెద్ద పెద్ద చుక్కలు నాలుగు పడి ఆగుతాయి. దూరంనుంచి రైలు వస్తున్నట్టు ఒకటే హోరు. అది వినపడితే ఇంక ఏమీ సర్దకండి. ఆరబెట్టినవి, బండి, గేదె తాడు, ఏదీ. ముందు మనిషి లోపలికి. గట్టి కప్పు కిందికి, కిటికీలకి దూరంగా. చెట్టు కిందికి వద్దు, కొమ్మ విరుగుతుంది, పిడుగు కూడా ఉంటుంది. బహిరంగంలో ఇరుక్కుపోతే తల, మెడ కాపాడుకోండి, గంప, బకెట్, మడిచిన గోతం, చెప్పు, ఏది దొరికితే అది నెత్తిన పెట్టుకుని కూర్చోండి. బైకు మీదున్నవాళ్లు దిగి పక్కకి పోండి, హెల్మెట్ మాత్రం తియ్యకండి. కారులో ఉంటే పక్కకి ఆపి లోపలే ఉండండి. ముందద్దం రెండు పొరల మధ్య ప్లాస్టిక్ పెట్టి చేస్తారు, పగిలినా చాలావరకు అతుక్కునే ఉంటుంది, పక్కద్దాలు పొడిపొడిగా రాలతాయి, కాబట్టి పిల్లల్ని మధ్యలోకి లాగి దుప్పటి కప్పండి. ఫ్లైఓవర్ కింద రోడ్డుకి అడ్డంగా ఆపకండి, వెనకొచ్చేవాడికి మీరు కనపడరు.

అమ్మా, మీరు ఏదో అంటున్నారు... కారుకి సొట్టలు పడతాయని దుప్పటి కప్పడానికి మీ ఆయన బయటికి పరుగెత్తారా? చాలామంది అలాగే చేస్తారమ్మా. దెబ్బలు తగిలి ఆసుపత్రికి వచ్చేవాళ్లలో లోపల ఉండి మళ్లీ బయటికి పోయినవాళ్లు చాలామంది ఉంటారు. సొట్ట తీయించుకోవచ్చు. ఈసారి చెయ్యి పట్టుకుని లోపల కూర్చోబెట్టండి.

ఆగిపోయాక కూడా వెంటనే పోవద్దు. ఇంకో విడత రావచ్చు. రేకుల కప్పు మీద మంచు పేరుకుని ఉంటుంది, నీళ్ల గొట్టాలు మూసుకుపోయి ఆ బరువుకి కప్పు కూలొచ్చు, దాని కింద నిలబడకండి. ఒక పావుగంట ఆగి, ఉరుములు దూరం పోయాక వెళ్లండి.

వెళ్లాక మాత్రం నాకో సాయం చెయ్యండి. అన్నిటికన్నా పెద్ద రాయిని ఏరండి. స్కేలు పక్కన పెట్టి ఫొటో తియ్యండి, టైమ్ రాసుకోండి, ఎక్కడో రాసుకోండి, కవర్లో చుట్టి ఫ్రీజర్లో పెట్టి మీ దగ్గరున్న వాతావరణ కేంద్రానికి చెప్పండి. రాడార్ మేఘంలో చూస్తుంది, నేల మీద ఎంత రాయి పడిందో దానికి తెలియదు. మీరు చెప్తే రాడార్‌లో కనపడిన ఆ గుర్తుకి ఈ సైజు రాయి అని సరిపోల్చుకుంటాం, తర్వాతిసారి అదే గుర్తు కనపడినప్పుడు ఉత్త వాన అనకుండా రాళ్లు అని చెప్పగలుగుతాం. 2010 జులై 23న అమెరికాలో దక్షిణ డకోటాలో వివియన్ అనే చిన్న ఊళ్లో ఒకాయన అదే చేశాడు. ఇరవై సెంటీమీటర్ల అడ్డం, 880 గ్రాములు, అమెరికా రికార్డు. కొలిచేవాళ్లు వచ్చేదాకా ఫ్రీజర్లో దాచాడు. ఆ వానకే ఊళ్లో కొన్ని గంటలు కరెంటు పోయి రాయి కొంత కరిగింది, దొరికినప్పుడు ఇంకా పెద్దగా ఉండేదని ఆయన అన్నాడు. కాబట్టి దొరకగానే కొలవండి, ఫ్రీజర్ సంగతి తర్వాత.

ఇక మీ ప్రశ్నలు అడగండి. ఆ చివర చెయ్యెత్తిన బాబుతో మొదలుపెడదాం, మైక్ అటు ఇవ్వండి.